నాయన నొప్పి బిళ్లలు మాన్పించేదెట్టా?

కనిగిరి వైపు పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక నెల్లూరులో ఉంటున్న ఒకామె ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు. ఆమె రాసినదాని సారాంశం ఇది.

నాయనకు 64 ఏళ్లు. పొగాకు రైతు. పన్నెండేళ్లుగా బీపీ, తొమ్మిదేళ్లుగా షుగరు ఉన్నాయి. బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన బిళ్ల ఉదయం ఒకటి వేసుకుంటారు. షుగరుకు మెట్‌ఫార్మిన్ 1000, గ్లిమిపిరైడ్ 2 కలిసిన బిళ్ల పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మోకాళ్ల నొప్పులకు మాత్రం ఐదారేళ్లుగా ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే బిళ్లలే. ఆ ఆర్‌ఎంపీ ఆమెకు సొంత మేనమామ. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన బిళ్ల స్ట్రిప్పుగా ఇస్తారు. దాంతోపాటు కాగితం పొట్లంలో గ్యాస్ బిళ్ల, ఒక చిన్న తెల్ల బిళ్ల ఇస్తారు. నొప్పి మరీ ఎక్కువైన రోజు డైక్లోఫెనాక్ సూది వేస్తారు.

పోయిన నెల కాళ్లు వాచాయని నెల్లూరు తీసుకొచ్చి చూపిస్తే, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.9 వచ్చింది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. నొప్పి బిళ్లలు ఇక ముట్టవద్దని డాక్టరు చెప్పారు. నాయన ఒప్పుకోలేదు. "నా మోకాళ్లు ఆ డాక్టరుకుంటే తెలిసేది. బిళ్ల లేకుండా బ్యారన్ దాకా ఎట్టా నడిచేది?" అన్నారు. బ్యారన్ అంటే వేడితో పొగాకు ఆరబెట్టే గది. ఊరంతా ఇవే వాడుతున్నారు, ఎవరికీ ఏం కాలేదని మామ అంటున్నారు. అమ్మ కూడా అదే స్ట్రిప్పులోంచి వేసుకుంటారు, ఆమె బాగానే ఉన్నారు. దగ్గరుండి చూసుకునే అన్న ఇంకో మాట అన్నాడు: "ఈ మధ్య షుగరు కూడా బాగా దిగింది. నువ్వొచ్చి లేనిపోని టెన్షన్ పెట్టబాక." ఈమె కోపంతో బిళ్లలన్నీ తీసి పారేస్తే, నాయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కనిగిరి మెడికల్ షాపులో తానే కొనుక్కొచ్చుకున్నారు.

ఆమె అడుగుతున్నవి ఇవి. పని ఉన్న రోజుల్లో ఒక్క బిళ్ల వేసుకోవచ్చా? ఒకరు తెప్పించి ఇచ్చిన మూలికల చూర్ణం దానికన్నా మంచిదేనా? బిళ్లలు దాచెయ్యమని అమ్మకు చెప్పాలా? మామ మీద ఫిర్యాదు చేస్తే అమ్మకు పుట్టిల్లు దూరమవుతుంది, చెయ్యకపోతే నాయనకు నష్టం, ఏం చేసేది?

అమ్మా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పొట్లాలు పారెయ్యడం ఆపండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ పేరు తెలియని చిన్న తెల్ల బిళ్ల. అది విటమిన్ బిళ్ల కావచ్చు, అలర్జీ బిళ్ల కావచ్చు, స్టెరాయిడ్ కూడా కావచ్చు. ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రి మందుల కౌంటర్‌లో పనిచేశాను. నొప్పుల పొట్లంలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ బిళ్ల కనిపించడం నాకు కొత్త కాదు. కొన్ని వారాలకు మించి రోజూ స్టెరాయిడ్ వాడితే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేసుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన నీరసం, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే ఆ బిళ్లను పారెయ్యకుండా పేరు తెలుసుకోవాలి. మీ మామకు ఫోన్ చేసి అడగండి. ఆయన చెప్పకపోతే పొట్లాన్ని అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నాయన ముఖం ఉబ్బినట్టుందా, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతోందా అనేది కూడా చెప్పండి. స్టెరాయిడ్ షుగరును పెంచుతుంది. మీ నాయనకు షుగరు తగ్గిందంటున్నారు కాబట్టి అది కాకపోవచ్చని ఒక ఆశ. ఇక్కడ కూర్చుని నేను తేల్చగలిగిన విషయం కాదది.

ఇప్పుడు ఆ తగ్గిన షుగరు సంగతి. మీ అన్న దాన్ని మంచి వార్త అనుకుంటున్నాడు. నాకలా అనిపించడం లేదు. తిండి మారకుండా, మందు మారకుండా షుగరు దానంతటదే దిగుతోందంటే కిడ్నీల వైపు చూడాలి. ఇన్సులిన్‌నూ, గ్లిమిపిరైడ్ లాంటి మందులనూ ఒంట్లోంచి బయటికి పంపడంలో కిడ్నీలకు పెద్ద పాత్ర ఉంది. అవి బలహీనపడితే అదే బిళ్ల ఎక్కువ సేపు నిలిచి, ఎక్కువ పని చేస్తుంది. ఒక రాత్రి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి పడిపోయేదాకా అది మంచిగానే కనిపిస్తుంది.

64 ఏళ్ల మగవారికి క్రియాటినిన్ 1.9 అంటే, కిడ్నీ వడపోత లెక్క సుమారు 39 వస్తుంది. ఈ లెక్కను ఈజీఎఫ్‌ఆర్ అంటారు, మీ ల్యాబు రిపోర్టులో ఉందేమో చూడండి. అది 30, 45 మధ్య ఉంటే మెట్‌ఫార్మిన్‌ను మామూలుగా రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. 30 కన్నా తగ్గితే పూర్తిగా ఆపేస్తారు. మీ నాయన రోజుకు 2000 వేసుకుంటున్నారు. డాక్టరు షుగరు మందు మార్చినట్టు మీరు రాయలేదు. షుగరు మందుల చీటీ ఆయనకు చూపించారో లేదో కూడా తెలియదు. ఈ వారంలోనే ఆ డాక్టరుకు ఫోన్ చెయ్యండి. ఏ మందు ఎంత తగ్గించాలో ఆయనే చెప్పాలి, మీరు సొంతంగా మార్చవద్దు. ఈలోగా ఇంట్లో గ్లూకోజు పొడి ఉంచండి. నాయన అన్నం మానేసిన పూట షుగరు బిళ్ల వెయ్యాలా వద్దా అనేది కూడా అదే ఫోన్‌లో అడగండి.

ఇక నొప్పి బిళ్లలు. "అమ్మకేం కాలేదు కదా" అనే మాటకు మీరు జవాబు చెప్పలేకపోయానని రాశారు. జవాబు ఉంది. నాయనకు అర్థమయ్యే భాషలో చెప్పండి. పొలంలో డ్రిప్పు ఫిల్టరుకు నీళ్లు వచ్చే పైపు ఒకటి, పోయే పైపు ఒకటి ఉంటాయి. ఫిల్టరు పని చెయ్యాలంటే లోపల తగినంత ఒత్తిడి ఉండాలి. కిడ్నీ కూడా అంతే. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, అంటే బోరులోనే నీళ్లు తగ్గుతాయి. టెల్మిసార్టన్ పోయే పైపును కాస్త వెడల్పు చేస్తుంది. ఈ రెండూ డాక్టరు తెలిసి ఇచ్చినవే. షుగరు ఉన్నవాళ్ల కిడ్నీని టెల్మిసార్టన్ ఏళ్ల తరబడి కాపాడుతుంది కూడా. అందుకని భయపడి దాన్ని మాన్పించవద్దు. మూడోదైన నొప్పి బిళ్ల వచ్చే పైపును బిగిస్తుంది. కిడ్నీలోకి రక్తం వచ్చే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాన్ని తయారవ్వనివ్వకుండా చేస్తుంది కాబట్టి. బోరులో నీళ్లు తక్కువ, పోయే పైపు వెడల్పు, వచ్చే పైపు బిగింపు. మూడూ ఒకేసారి జరిగితే ఫిల్టరు ఎండిపోతుంది. అమ్మకు బీపీ, షుగరు మందులు లేవు కాబట్టి ఆ మూడింట్లో ఒకటే జరుగుతోంది. ఒకే స్ట్రిప్పులోని బిళ్ల ఇద్దరిలో రెండు రకాలుగా పని చేసేది ఇందుకే. అయినా అమ్మ కూడా ఏళ్లుగా వాడుతున్నారు కాబట్టి ఆమెకూ ఒకసారి బీపీ, క్రియాటినిన్ చూపించండి.

పొట్లంలో గ్యాస్ బిళ్ల ఉంది కదా అనే ధైర్యం చాలామందికి ఉంటుంది. అది కాపాడేది పొట్టను, కిడ్నీని కాదు. సూది అయితే పొట్టలోకి పోదు కదా అంటారు. ఎలా ఎక్కినా మందు రక్తంలోకే చేరి, అక్కడి నుంచి కిడ్నీకే వెళ్తుంది. పైగా ఈ నొప్పి మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెట్టి బీపీ మందును పని చెయ్యనివ్వవు. నాయన కాళ్ల వాపులో వీటి వాటా కూడా ఉండొచ్చు.

పశువులు పెంచిన మనిషికి ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు. మన దేశంలో రాబందులు దాదాపు కనుమరుగవడానికి పెద్ద కారణం డైక్లోఫెనాక్. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు దెబ్బతిని చనిపోయాయి. అందుకే పశువుల డైక్లోఫెనాక్ తయారీని 2006లో ఆపేశారు. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని, 2015లో సూది మందును ఒక డోసుకు సరిపడే 3 మిల్లీలీటర్లకే పరిమితం చేశారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు. కానీ ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీ ఉన్నవారికి ఇది చిన్న మందు కాదని చెప్పడానికి నేను ఈ సంగతే చెప్పేదాన్ని. విన్న రైతులు ఆలోచనలో పడేవారు.

"పని ఉన్న రోజు ఒక్కటి" అని అడిగారు. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. కానీ ఆయనకు బిళ్ల కావాలనిపించే రోజు, ఆ బిళ్ల ఎక్కువ ప్రమాదం చేసే రోజు ఒకటే. రోజంతా చేలో చెమట కారుస్తారు. రాత్రి బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ కూర్చుంటారు. నీళ్లు సరిగా తాగరు. ఒంట్లో నీళ్లు తగ్గిన ఆ రోజునే మూడు మందులూ కలిస్తే కిడ్నీ రోజుల్లోనే బాగా దెబ్బతినవచ్చు. ఈయన విషయంలో ఇన్ని బిళ్లలైతే ఫరవాలేదని చెప్పగలిగే లెక్క నా దగ్గర లేదు. మానేస్తే మాత్రం ఒక మేలు జరగొచ్చు. ఈ 1.9లో కొంత నొప్పి మందుల వల్లే వచ్చి ఉంటే, ఆపాక కొంత దిగే అవకాశం ఉంది. షుగరు, బీపీల వల్ల వచ్చిన దెబ్బ అయితే అంతగా దిగదు. ఏది ఎంతో తెలియాలంటే డాక్టరు చెప్పిన గడువుకు క్రియాటినిన్ మళ్లీ చేయించాలి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో కూడా చూడాలి. మూడు నెలలకు పైగా ఇలాగే ఉంటేనే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు.

అయితే అమ్మా, ఇంట్లో అందరూ "మానెయ్" అంటున్నారు గానీ, నొప్పికి బదులు ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మీరు స్ట్రిప్పు పారేసిన మూడో రోజు ఆయన కనిగిరి వెళ్లింది మొండితనంతో అని నేను అనుకోను, నొప్పితో వెళ్లారు. బిళ్లలు దాచమని అమ్మకు చెబితే మళ్లీ అదే జరుగుతుంది. ఈసారి ఏం కొన్నారో మీకు తెలియను కూడా తెలియదు. అందుకే దాచడం నాకు ఇష్టం లేదు.

బదులుగా ఏమున్నాయో చెబుతాను, ఏదైనా డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. మొదటిది ఒట్టి పారాసెటమాల్. నొప్పి ముదిరాక కాకుండా, పనికి వెళ్లే ముందు వేసుకుంటే ఎక్కువ ఉపయోగం. ఈ వయసులో, ఈ ఆరోగ్యంలో రోజంతటికీ 3 గ్రాములు దాటకూడదు, అంటే 500 బిళ్లలు ఆరు. మందు తాగే అలవాటుంటే ఇంకా తక్కువ. నీళ్లలో కరిగి పొంగే రకం వద్దు, అందులో సోడియం ఎక్కువ, బీపీకి మంచిది కాదు. పారాసెటమాల్ బిళ్ల మామ వేసే సూది మందంత పని చెయ్యదు, ఆ మాట ముందే చెప్పండి. పూర్తిగా పోతుందని చెప్పి ఇస్తే రెండో రోజే నమ్మకం పోతుంది. స్ట్రిప్పు మీద పేర్లన్నీ చదివించండి. మా కౌంటర్ దగ్గరికి ఒకాయన రెండు రంగుల స్ట్రిప్పులు తెచ్చి, ఇది నొప్పికి, ఇది జ్వరానికి అన్నారు. రెండింట్లోనూ డైక్లోఫెనాక్ ఉంది.

రెండోది మోకాలికి రాసే జెల్. రక్తంలోకి చేరేది బిళ్లతో పోలిస్తే చాలా తక్కువ, అసలు చేరదని కాదు. అందుకే కిడ్నీ డాక్టరును అడిగి, ఆయన సరేనంటే మోకాళ్లకే పరిమితంగా వాడాలి. మూడోది ఎముకల డాక్టరుకు చూపించడం. మోకాలి లోపలికి ఇచ్చే స్టెరాయిడ్ సూది కొందరికి కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. కానీ కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, అది తెలిసి చేయించుకోవాలి. వీటన్నిటికన్నా నెమ్మదిగా పని చేసినా ఎక్కువ కాలం నిలిచేది తొడ కండరాల వ్యాయామం. కుర్చీలో కూర్చుని కాలు చాపి కాసేపు నిలిపి దించడమే. చేతికర్ర పట్టుకుంటే నొప్పి ఎక్కువున్న కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టాలి. మరుగుదొడ్డిలో కుర్చీ లాంటి సీటు పెట్టించండి. వేడి కాపడం పెడితే నీళ్ల వేడిని అమ్మ తన చేత్తో చూసి పెట్టాలి. షుగరు ఉన్నవారికి స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు.

మోకాళ్లతో పాటు నడుమూ మెడా కూడా పట్టేస్తాయని రాశారు. అలాగైతే నీళ్ల సంగతి చూడాలి. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నదని మీకు చెప్పనక్కరలేదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే. ఫ్లోరైడ్ కీళ్లను బిగిస్తే నొప్పికి బిళ్ల వేసుకుంటారు, బిళ్ల కిడ్నీని దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న కిడ్నీ ఫ్లోరైడ్‌ను మరింత నిలబెడుతుంది. ఆ ప్రాంతపు మనుషులు ఈ చక్రంలో పడి నలగడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. తాగడానికే కాదు, అన్నం వండటానికీ పప్పు ఉడికించడానికీ కూడా ప్లాంటు నీళ్లో, పరీక్ష చేయించిన నీళ్లో వాడండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో ఈ పరీక్ష చేస్తారు.

చూర్ణం గురించి ఒక్కమాట. అందులో ఏముందో డబ్బా మీద లేనప్పుడు వద్దు. కొన్ని భస్మాల్లో పాదరసం, సీసం ఉంటాయి. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. కిడ్నీకి ఇది కొత్త ప్రమాదమే.

చివరగా మీ మామ. మీ దగ్గర మూడు దారులున్నాయి. మాట్లాడకుండా ఊరుకుంటే బంధుత్వం నిలుస్తుంది, సూది కూడా ఆగదు. నేరుగా ఫిర్యాదు చేస్తే ఆయన అర్హత ప్రశ్న బయటికొస్తుంది. డైక్లోఫెనాక్ చీటీ లేకుండా ఇవ్వకూడని షెడ్యూల్ హెచ్ మందు. చట్టం మీ వైపే ఉంటుంది. కానీ అమ్మ నలిగిపోతారు, నాయన కోపంతో ఇంకో ఆర్‌ఎంపీని వెతుక్కుంటారు. మూడో దారి ఆయన్ని మీ వైపు తిప్పుకోవడం. నాయన మీ డాక్టరు మాట వినడం లేదు, మామ మాట వింటున్నారు. ఆ మాటకు ఉన్న విలువను వాడుకోండి. రిపోర్టు తీసుకుని ఒంటరిగా వెళ్లండి, నలుగురిలో వద్దు. "నీ వల్లే" అనకండి. "మామా, ఈ రిపోర్టు రాకముందు నీకు తెలియదు, నాకూ తెలియదు. ఇక మీద సూది అడిగితే నువ్వే వద్దని చెప్పాలి" అనండి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్ లాంటివేవీ ఇవ్వకూడదని డాక్టరుతో తెలుగులో ఒక కాగితం రాయించి, ఒక కాపీ మామకు, ఒకటి నాయన బీపీ పుస్తకంలో, ఒకటి కనిగిరి మెడికల్ షాపులో ఇవ్వండి. ఇందులోనూ నష్టం లేకపోలేదు. ఆయన పైకి సరేనని, నాయన బతిమాలితే మళ్లీ వెయ్యవచ్చు. కాగితం చూశాక కూడా వేస్తే, అప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసరుకు చెప్పడం కృతఘ్నత కాదు. మీరు అమ్మకు ఈ మాట ముందే చెప్పి ఉంచితే మంచిది. ఏ దారి పట్టాలో మీ ఇంటి సంగతి తెలిసిన మీరే నిర్ణయించుకోవాలి. నన్ను అడిగితే మూడోదానితో మొదలుపెడతాను.

మీ అన్నతో వాదించకండి. దగ్గరుండి చూసేది అతనే. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు బీపీ, షుగరు బిళ్లల్లో ఏవి ఆపాలో డాక్టరును అడిగి, రాసి, అతని చేతికివ్వండి. మూత్రం బాగా తగ్గినా, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, మలం తారులా నల్లగా వచ్చినా, మనిషి మగతగా ఉన్నా, మీ ఫోన్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి.

ఈ ఆదివారం ఊరు వెళ్తానని రాశారు. ముందు నాయన పక్కన కూర్చుని, మోకాలు ఏ పూట ఎక్కువ నొప్పి చేస్తోందో, ఏ పని దగ్గర కాలు మొరాయిస్తోందో అడిగి రాసుకోండి. డాక్టరుకు అది చాలా పనికొస్తుంది, పైగా ఆ నొప్పి గురించి ఆయన్ని ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ఆ చిన్న తెల్ల బిళ్ల ఏమిటో తేలాక నాకు మళ్లీ రాయండి.